పట్టీ బిగిసినప్పుడల్లా

పొదిలి బస్టాండులో ఒంగోలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చునేసరికి తొమ్మిదీ పది. తొమ్మిదిన్నరకి నా ఎడమ చేతికున్న పట్టీ మళ్లీ బిగుస్తుంది. నిన్న పదకొండింటికి ఒంగోలు ఆసుపత్రిలో స్తుతి అనే నర్సు ఈ మిషను కట్టింది. సబ్బుపెట్టెంత డబ్బా, అది నడుముకి, అందులోంచి సన్న గొట్టం జాకెట్టు లోపలగా భుజం మీదికొచ్చి చేతి పట్టీలో కలుస్తుంది. పగలు అరగంటకోసారి, పడుకున్నప్పుడు గంటకోసారి దానంతటదే గాలి ఎక్కించుకుని చేతిని పిండి, నా బీపీ ఎంతుందో తనలో రాసుకుంటుంది. ఎంత రాసుకుందో నాకు కనపడదు. ఇవాళ పదకొండింటికి తీసుకెళ్లి ఇచ్చేస్తే డాక్టరమ్మ శ్రీరమ్యగారు కంప్యూటర్లో పెట్టి చూసి చెబుతారు, నా కిడ్నీ ఒకటి మా ఆయనకి ఇవ్వొచ్చో లేదో. మిగతా పరీక్షలన్నీ సరిపోయాయి, రక్తం సరిపోయింది, స్కానింగు సరిపోయింది. బీపీ ఒక్కటే, చూసిన రెండుసార్లూ నూటయాభై దాటింది. బీపీ ఉన్న మనిషికి ఉన్న రెంట్లో ఒకటి తీసేస్తే రేపు ఆ మనిషికే ముప్పు, అందుకని తీసుకోరట. ఈ మిషను చెప్పిందే ఆఖరి మాట అన్నారు.

మా ఆయన బాజీ నా పక్కనే కూర్చున్నాడు, శాలువా కప్పుకుని, మార్చి నెల ఎండలో. కిడ్నీలు పోయినవాళ్లకి చలెక్కువ. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకునే చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతిలో నరం తాడులా ఉబ్బి ఉంటుంది, దానిమీద వేలు పెడితే లోపల జుర్రుమని పారడం తెలుస్తుంది, ఆపరేషన్ చేసి అలా కలిపారు, సూదులు పొడవడానికి. ఈ మనిషేనా ఇరవయ్యేళ్లు మిరప చేలల్లో మేస్త్రీగా నలభైమంది ఆడవాళ్లని ఒక్క గొంతుతో నడిపింది అనిపిస్తుంది. చేను ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర వంగి కోస్తున్నావిడ నడుము నిటారయ్యేది. ఆ గొంతే ఇంట్లోనూ. ఆ గొంతుకి వేరే మెట్టు లేదు. పదేళ్లుగా బీపీ ఉన్నా చూపించుకోలేదు, మందు రాసిస్తే నెల వాడి మానేశాడు, నాకేమైందే దుక్కలా ఉన్నాను అన్నాడు, ఆ బీపీయే లోపల్లోపల రెండు కిడ్నీలూ తినేసిందని డాక్టరమ్మ చెప్పిన రోజు కూడా ఆవిడ మీదే అరిచాడు. ఇప్పుడు ఆ అరుపు కూడా గట్టిగా రాదు, మధ్యలో ఆయాసం అడ్డమొస్తుంది.

తొమ్మిదిన్నర. నడుము దగ్గర డబ్బా సన్నగా కూసింది, పట్టీ బిగుసుకోవడం మొదలైంది, అంతే, నా ఊపిరి ఆగిపోయింది. నేను ఆపలేదు. అదే ఆగింది. పైపెదవి కింది పెదవి మీద బిగిసింది, భుజాలు చెవుల వైపు లేచాయి, పొట్ట రాయయింది. ఎవరో తలుపవతల నిలబడి వింటున్నట్టు, నేను లోపల లేనట్టు. అది చేతిని పట్టుకుని, పట్టుకుని, కొంచెం కొంచెంగా వదిలి, ఇంక చాలన్నట్టు గాలంతా తీసేసుకున్నాక నేనూ వదిలాను. ఇది నాకు తెలియనే తెలియదు, స్తుతి చెప్పేదాకా. రెండు నెలల కిందట, రెండోసారి బీపీ చూసినప్పుడు ఆ పిల్ల మిషను వంక కాకుండా నా మొహం వంక చూసింది. 'అక్కా, పట్టీ బిగియగానే ఊపిరి ఆపేస్తున్నారేంటి?' అంది. ఆపలేదమ్మా అన్నాను. మళ్లీ చూద్దాం అని మళ్లీ బిగించి, 'ఇదిగో, ఇప్పుడు, చూసుకోండి' అంది. నిజమే. నలభై ఆరేళ్ల దాన్ని, నా ఊపిరి నేను ఆపుకుంటున్న సంగతి ఇంకొకరు చూసి చెప్పాల్సొచ్చింది. తర్వాత నన్ను చాలాసేపు కూర్చోబెట్టుకుని గమనించింది. పట్టీ బిగిసినప్పుడే కాదట, తలుపు తీసిన చప్పుడైనా, ఎవరైనా గట్టిగా పిలిచినా ఆపేస్తున్నానట, మిగతా టైములో కూడా పైపైనే, గొంతు దగ్గరే పీల్చి గొంతు దగ్గరే వదిలేస్తున్నానట. 'ఊపిరి బిగబట్టినప్పుడు ఒళ్లు ఏదో ముంచుకొస్తోందనుకుంటుందక్కా. నరాలు బిగుస్తాయి, గుండె బలవంతంగా తొయ్యాల్సొస్తుంది. రోజుకి వందసార్లు అలా చేస్తే దానికి అదే అలవాటైపోతుంది' అంది.

బస్సు కాటూరివారిపాలెం దాటాక రోడ్డుకి అటూ ఇటూ కల్లాలు, ఎర్రగా, చూపు ఆనినంత దూరం పరిచిన మిరపకాయలు. కిటికీ తీసి ఉంది. ఘాటు లోపలికొచ్చింది, ముందు సీట్లో చంటిపిల్ల తుమ్మింది, వెనక ఎవరో దగ్గారు, వాళ్లని చూసి ఇంకొకరు, బస్సంతా దగ్గింది. నేను దగ్గలేదు. నేను దగ్గను. మా ఆయన నన్ను చేసుకోవడానికి అదే కారణం. నాకప్పుడు ఇరవై, తాలు కాయలు ఏరడానికి వెళ్లేదాన్ని, మంచి ఎరుపు కాయల్లోంచి తెల్లబారిన కాయలు ఏరి పక్కన పడెయ్యడం. మధ్యాహ్నానికి ఆ ఘాటుకి ఒకరు దగ్గితే అందరికీ అంటుకునేది, పని ఆగిపోయేది, మేస్త్రీ కేకలేసేవాడు. అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గుతుంటే నేనొక్కదాన్నే ఏరుతూ కూర్చునేదాన్ని. 'ఎవరే ఆ పిల్ల, దగ్గదే!' అన్నాడు. తర్వాత నెలకి సంబంధం అడగడానికి మనుషుల్ని పంపించాడు. దగ్గని పిల్ల అని అత్తగారింట్లో ఏడాదిపాటు నా పేరు అదే.

దగ్గకపోవడం నాకు మా నాయన నేర్పాడు. మా నాయన ఆదాం దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో దూలానికి వేలాడే విల్లు, దాని తాడుని కొయ్యతో కొడుతుంటే కింద దూది కుప్ప చెదిరి, పొంగి, గాల్లోకి లేచేది. సాయంత్రం ఎండ తలుపులోంచి ఏటవాలుగా పడితే ఆ గదిలో గాలి కనపడేది, తెల్లగా, నలకలు నలకలుగా. నాకది చూడటం ఇష్టం. గడప మీద కూర్చునేదాన్ని. మా నాయన పని ఆపకుండానే, 'చిన్నగా పీల్చు తల్లీ, పైపైన పీల్చు, లోపలికి పోనియ్యమాక' అనేవాడు. ఎలా అని అడిగితే చేసి చూపించేవాడు, ఇలా, పిట్ట తాగినట్టు. నేను పందెం పెట్టుకునేదాన్ని, విల్లు ఎన్ని దెబ్బలు కొట్టేదాకా అసలు పీల్చకుండా ఉండగలనో. ముప్పై దెబ్బల దాకా వెళ్లాను ఒకసారి. నా ఊపిరి కాపాడాలని నాకు నేర్పినవాడు తన ఊపిరి కాపాడుకోలేదు, పైపైన పీల్చి ఆ కొయ్య ఎత్తగలడా ఎవరైనా, చివరి రెండేళ్లు మంచం మీద కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఆడేది కాదు. ఆయన మంచివాడు. ఆయన చెప్పింది ఆ గదికి సరైన మాట. గది దాటాక మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, అంతే.

మా ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఇది ఎవరడిగినా చెబుతాను. చెయ్యెత్తలేదు, తాగి రాలేదు, పండక్కి నా చీర తర్వాతే తన చొక్కా. ఆ గొంతొక్కటే. సందు మొదట్లో మోపెడ్ చప్పుడు వినగానే పొయ్యి దగ్గర నేను ఆగిపోయేదాన్ని, గరిట గిన్నెలో, చెయ్యి గరిట మీద, అలా. స్టాండు వేశాడు. చెప్పులు విప్పాడు. ఇంక మొదటి మాట. ఆ మొదటి మాట మామూలుగా ఉంటే అప్పుడు పీల్చేదాన్ని. ఒసేయ్ అని ఉంటే లేదు. ఎందుకరిచేవాడో చెప్పమంటే ఒక్కటీ గుర్తు లేదు, నీళ్లు, తాళం చెవి, ఎవరో పనికి రాలేదని, వానొచ్చిందని, కల్లంలో పట్టా కప్పలేదని. అన్నం తింటూ అరిచేవాడు, తిన్నాక మర్చిపోయేవాడు. 'నా నోరంతేనే, మనసులో ఏం లేదు' అనేవాడు. నిజంగానే ఆయన మనసులో ఏం ఉండేది కాదు. అదంతా ఎక్కడికి పోయేదో ఇప్పుడు ఈ డబ్బా కట్టించుకున్నాక తెలుస్తోంది.

నాకీ బస్సులో కూర్చుని ఇదంతా ఎందుకొస్తోంది. ఎందుకంటే పది గంటలకి మళ్లీ బిగుస్తుంది, పదిన్నరకి ఇంకోసారి, అంతే, అయిపోయింది. నాకొక ఆలోచన నిన్నటినించీ వస్తోంది, వచ్చినప్పుడల్లా పక్కకి నెట్టేస్తున్నాను. ఇవ్వను అని నేననక్కర్లేదు. ఈ పట్టీ బిగిసినప్పుడు ఊపిరి బిగబడితే చాలు. మిషనే అంటుంది. నన్ను ఎవరూ ఏమనరు. పాపం ఇద్దామనుకుంది, బీపీ ఉందట, ఏం చేస్తుంది, అంటారు. ఇవ్వడం నాకు ఇష్టమేనా? ఎవరూ అడగలేదు. కిడ్నీ మార్చాలి, ఇంట్లోవాళ్లెవరైనా ఇస్తే మంచిది అని డాక్టరమ్మ అన్నప్పుడు ఆయన నా వంక చూశాడు, ఆయన చూడగానే నేను తలూపాను, ఉప్పు అందించమన్నప్పుడు ఊపినట్టు. ఇంటికొచ్చాక ఆ రాత్రి నా నడుము మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను, ఎక్కడుంటుందో అని. నా ఒంట్లో నాదని చెప్పుకునేది ఏముంది అనిపించింది. ఇచ్చెయ్యాలనిపించింది. ఇవ్వకూడదనీ అనిపించింది. రెండూ ఒక్కసారే అనిపించడం నాకు కొత్త.

కానీ నజ్మీన్ ఉంది. నా కూతురు. ఇరవై ఏళ్లు, చీరాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది. మొన్న ఫోన్లో అంది, 'నీది పనికి రాదంటే బాధపడకమ్మా, నాది ఇస్తా.' ఎంత తేలిగ్గా అందో, పెన్ను ఇస్తా అన్నట్టు. నీకు పెళ్లి కావాలి, పిల్లలు కావాలి అంటే, 'అవన్నీ అవుతాయి, డాక్టర్ని అడిగా' అంది. అప్పటికే అడిగిందట! నేను వద్దని మిషను చేత అనిపిస్తే ఆ పిల్ల వచ్చి ఈ సీట్లో కూర్చుంటుంది, ఇదే పట్టీ కట్టించుకుని. అది తెలిసి కూడా ఆ ఆలోచన రావడం మానలేదు. మనిషి మనసు అంత మంచిదేం కాదు.

చీమకుర్తిలో బస్సు ఆగింది. గ్రానైటు లారీ ఒకటి అడ్డం తిరుగుతోంది, దాని మీద ఇల్లంత నల్లరాయి, గొలుసులు వేసి బిగించారు, టైర్లు అణిగిపోయి ఉన్నాయి. మా ఆయన వాళ్లని చూసి, 'అట్టా కాదురా, వెనక్కి కొట్టుకో, వెనక్కి!' అని కిటికీలోంచి కేకెయ్యబోయాడు. సగంలోనే ఆయాసం వచ్చింది. శాలువాలో మొహం పెట్టుకుని దగ్గాడు. ఆ సగం కేకకే నా ఒళ్లు బిగిసింది. సరిగ్గా అప్పుడు పది అయింది. డబ్బా కూసింది. పట్టీ పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఈసారి అది ఆగలేదు, నేనే ఆపాను. దూది గదిలో పందెం కట్టినట్టు, లోపలికి లాగి, గొంతు మూసి, పొట్ట బిగించి, కళ్లు నల్లరాయి మీద పెట్టి. చెవుల్లో గుండె కొట్టుకోవడం వినపడింది. రాసుకో, అనుకున్నాను. ఎంత కావాలంటే అంత రాసుకో. వదిలి, మళ్లీ పట్టుకున్నాను. అది గాలంతా తీసుకున్నాక కూడా ఇంకొంచెం సేపు పట్టుకునే ఉన్నాను. లారీ తప్పుకుంది. బస్సు కదిలింది. నేను వదిలాను, ఆ వెంటనే నజ్మీన్ గుర్తొచ్చింది.

ఏం పని చేశాను? ఒక్కసారికి ఏం కాదులే. ఏమో, ఆ ఒక్కటే చాలేమో. రెండు నెలలు పడ్డ కష్టం. స్తుతి నేర్పింది, రోజూ పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. 'ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. భుజాలు లేవకూడదు, పొట్ట లేవాలి. బలవంతంగా కాదు, తల తిరిగితే ఆపెయ్యండి.' ఇది మందుకి బదులా అమ్మా అని అడిగితే, 'కాదక్కా, మందు కావాల్సినవాళ్లు మందు వాడాల్సిందే, మీవారు అట్టా మానేసే కదా ఇక్కడిదాకా వచ్చింది. మీకు మందు కావాలో లేదో తెలియాలంటే ముందు ఈ బిగబట్టడం పోవాలి' అంది. ఎక్కడ చెయ్యాలి? ఇంట్లో చేస్తే ఆయన, 'ఏంటే ఆ బుసలు' అంటాడు. అందుకని తెల్లారగానే కల్లానికి వెళ్లేదాన్ని, పట్టా తీసి కాయలు తిరగెయ్యకముందు, మంచుకి ఘాటు అణిగి ఉండే టైములో. ఆ పక్క కరెంటు స్తంభానికి ఆనుకుని కూర్చుని. పీల్చడం వచ్చింది. వదలడమే రాలేదు. మూడు లెక్కపెట్టేసరికి గొంతు మూసుకుపోయేది, ఇంకా లోపల ఉంది, బయటికి రానంటుంది. పదోరోజో పదకొండోరోజో, ఆరు దాకా వెళ్లింది. మొత్తం పోయింది. పోయాక లోపల ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంది, నాకు భయమేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. దేనికని చెప్పను? ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ పోలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. నెల తిరిగేసరికి ఏడుపు లేదు. నిద్ర పట్టేది. మెట్లెక్కితే గుండె దడ తగ్గింది. ఒకరోజు కల్లంలో అందరితోపాటు నేనూ దగ్గాను, బాగా, కళ్లనీళ్లొచ్చేలా, పక్కనావిడ ఆశ్చర్యపోయి నీళ్ల సీసా ఇచ్చింది.

అంత చేసి, ఇప్పుడు చేతులారా.

సంతనూతలపాడు దాటింది. పొగాకు బారన్లు, పత్తి కట్టెలు పీకేసిన చేలు, రోడ్డు పక్క గాలికి కొట్టుకొచ్చి తుమ్మకంపకి పట్టుకున్న దూది. ఒంగోలు ఇంక పది కిలోమీటర్లు. పదిన్నరకి ఏం చెయ్యాలి? బిగబట్టాలా, వదలాలా? రెండు చేతుల్లో రెండు మనసులు పెట్టుకుని కూర్చున్నట్టుంది. డబ్బా కూసింది. పట్టీ బిగుసుకుంటోంది. నేను అనుకోకుండా పక్కకి చూశాను. మా ఆయన నా మొహం చూడటం లేదు, నా చేతినే చూస్తున్నాడు, ఆ పట్టీ ఉబ్బుతుంటే దాన్నే. శాలువా కింద ఆయన ఛాతీ కదలడం లేదు. పెదాలు బిగించి, గడ్డం ఎత్తి, అసలు రెప్పెయ్యకుండా. ఆయన ఊపిరి బిగబట్టాడు. అంత ఆయాసం మనిషి, రెండు మెట్లెక్కితే కూర్చునే మనిషి. నేను కల్లంలో పొయ్యి దగ్గర గుమ్మం దగ్గర ఇరవై ఆరేళ్లు ఎలా ఉన్నానో ఆయన అలా ఉన్నాడు, ఒక మాట ఎలా వస్తుందోనని. భయపడుతున్నాడు. ఈ మనిషి భయపడగా నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలి వేసిందా అంటే, వేసింది. కానీ జాలి కంటే ముందు ఇంకోటి వచ్చింది, ఓహో, ఇది ఇద్దరికీ వచ్చేదే అని. నేను నాలుగు పీల్చి, ఆరు వదిలాను. 'వదులు' అన్నాను. పట్టీ బిగిసినప్పుడు మాట్లాడకూడదని చెప్పారు, అయినా అన్నాను. ఆయన వదిలాడు, ఆయాసపడుతూ, సిగ్గుపడ్డట్టు కిటికీ వైపు తిరిగి.

ఆసుపత్రిలో స్తుతి డబ్బా విప్పింది. పట్టీ తీశాక చేతి మీద వాతలు. డాక్టరమ్మ దాన్ని కంప్యూటర్కి తగిలించి చాలాసేపు చూశారు. నేను, ఆయన ఎదురుగా కూర్చున్నాం. 'పొద్దున బస్సులో వచ్చారా? తొమ్మిదిన్నర, పది, పదిన్నర మూడూ సరిగా పడలేదు, కుదుపులకి తప్పు చూపించింది. వాటిని తీసేశాను, పర్లేదు, మిగతావి చాలు' అన్నారు. మూడూ లేవు. నేను బిగబట్టిందీ లేదు, వదిలిందీ లేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగాను. 'సగటున నూట ఇరవై ఆరు. నిద్రలో నూట పది. చాలా బాగుందమ్మా. ఆసుపత్రిలో చూసినప్పుడు పెరిగింది కానీ మీకు బీపీ జబ్బు లేదు' అన్నారు. తర్వాత తెర మీద ఒకచోట వేలు పెట్టారు. గీత అంతా చేను గట్టులా నిదానంగా వెళ్తూ అక్కడొక్కచోట కర్రలా నిలబడి ఉంది. 'నిన్న సాయంత్రం ఏడున్నరకి నూట డెబ్బై రెండు. అప్పుడేం చేస్తున్నారు? బరువేమన్నా ఎత్తారా?'

నేను తల దించుకున్నాను. అప్పుడు అన్నం పెట్టాను. కిడ్నీ జబ్బు కదా, ఉప్పు తగ్గించి వండాలి, సొరకాయ కూర చప్పగా ఉందని ఆయన కంచం తోసేశాడు, మనిషి తినేదేనా ఇది అని అరిచాడు, కంచం గోడ దాకా వెళ్లింది, అదే టైముకి పట్టీ బిగిసింది. మామూలు సాయంత్రమే మా ఇంట్లో. దాన్ని చెప్పేదేముంది? బిందె ఎత్తానండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆయన ముందుగా అన్నాడు, చిన్న గొంతుతో, నేను ఎప్పుడూ వినని గొంతుతో: 'నేను అరిచానండి.'

డాక్టరమ్మ ఆయన్ని చూశారు. ఆయన ఆ కర్రలాంటి గీతనే చూస్తున్నాడు. 'ఒక్క కూరకి అండి. అంత పెరుగుద్దా అండి, ఒక్క అరుపుకి?' అన్నాడు. పెరుగుతుందన్నారు ఆవిడ. 'ఇరవై ఆరేళ్లండి' అన్నాడు.

ఆయన్ని రక్తపరీక్షకి పంపించి, తలుపు వేసి, డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. 'కిడ్నీ ఇచ్చే ప్రతివాళ్లనీ ఒంటరిగా ఒక మాట అడుగుతాను కరీమున్‌గారూ. మీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే నాతో చెప్పండి చాలు. మీ శరీరం దీనికి సరిపడదని చెప్పి పంపించేస్తాను, అసలు కారణం ఎవరికీ తెలియదు. మీ ఆయనకి కూడా.' నలభై ఆరేళ్లలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు, ఏ విషయంలోనూ. పొద్దున బస్సులో దొంగతనంగా కోరుకున్నది ఇక్కడ బల్ల మీద పెట్టి, కావాలా అంటున్నారు. నేను వెంటనే తలూపలేదు. ఊపిరి ఎక్కడుందో చూసుకున్నాను, పొట్టలోనే ఉంది. ఇవ్వను అని లోపల అనుకుని చూశాను. ఆ మాట అనగలను. గొంతు మూసుకోలేదు. అనగలనని తెలిశాక దాన్ని అనాల్సిన పని అంతగా కనపడలేదు. 'ఆ సాయం వద్దండీ. ఇస్తానో ఇవ్వనో ఆయనకి నేనే చెప్పుకుంటాను' అన్నాను. ఎంత టైమైనా తీసుకోమన్నారు ఆవిడ.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు, మోచేతికి దూది అద్దుకుని. నేను పక్కన కూర్చున్నాను. 'ఏమన్నారు?' అన్నాడు.

'ఇవ్వొచ్చన్నారు. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు, ఎవరికీ తెలియనియ్యం అని కూడా అన్నారు.'

మోచేతి మీది దూది తీసి చూసుకుని మళ్లీ అద్దుకున్నాడు. 'మానెయ్యి కరీమున్' అన్నాడు చివరికి. 'డయాలసిస్‌తో లాగిద్దాం. పిల్ల చేత మాత్రం ఇప్పించమాక.' నా పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో.

'పది గంటలప్పుడు నేను కావాలనే ఊపిరి బిగబట్టాను, ఎక్కువ చూపించాలని' అన్నాను.

'చూశాను.'

'చూసి ఏమీ అనలేదే?'

'ఏమంటాను? దానిక్కూడా అరవనా?'

ఎదురుగా నర్సులు ట్రాలీ తోసుకుంటూ వెళ్లారు, చక్రం ఒకటి కీచుమంటోంది. 'నేనిస్తాను' అన్నాను. 'నువ్వు అడిగావని కాదు, అడగలేదు కాబట్టీ కాదు. ఆలోచించుకుని ఇస్తున్నాను. ఇచ్చాక కూడా నువ్వు ఆ నోటితోనే ఉంటే నేను నజ్మీన్ దగ్గరికి వెళ్లి ఉంటాను, నువ్వొక్కడివే ఉందువుగాని, నా కిడ్నీ నువ్వూ.' ఇంత పొడుగు మాట ఆయనతో నేను ఒక్క బిగిన ఎప్పుడూ అనలేదు. ఆయన శాలువా కొసతో మొహం తుడుచుకున్నాడు. 'ఒకేసారి పోదు అది' అన్నాడు, 'ఆ అలవాటు.' తెలుసన్నాను. నాది పోవడానికే రెండు నెలలు పట్టింది.

లోపలికెళ్లి డాక్టరమ్మకి ఇస్తానని చెప్పొచ్చాను. ఆపరేషన్ గుంటూరులో, వచ్చే నెలలో అని స్తుతి వచ్చి కాగితాలిచ్చి వెళ్లింది. వాటిని ఒళ్లో పెట్టుకుని నజ్మీన్‌కి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది. 'నాదే సరిపోయిందమ్మా, బీపీ లేదట. నువ్వు పరీక్షలకి చదువుకో' అన్నాను. అది వెంటనే సంతోషపడలేదు. 'నువ్వే ఇస్తానన్నావా, నాన్న అన్నాడని తలూపావా? నిజం చెప్పమ్మా' అంది. ఆ పిల్ల ఆ ఇంట్లోనే పెరిగింది, తనకి తెలియందేముంది. 'వద్దనడానికి కూడా నాకు వీలిచ్చారే. అప్పుడు ఇస్తానన్నాను' అన్నాను. లైను కట్టయిందేమోనని ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను. అప్పుడు వినపడింది, నా కూతురు ఊపిరి వదలడం, పొడుగ్గా, చాలాసేపు, ఎన్నాళ్లనించి బిగబట్టి ఉందో.